లెక్చరర్ గీసిన గీత

సిద్దిపేటలో షబ్బీర్ ముప్పై ఏళ్లుగా ఆంప్లిఫయర్లు చేస్తున్నాడు. మల్లన్న దేవుడి కథలు పాడే ఒగ్గు కథకుడు ఐలయ్య ఏటా కొమురవెల్లి జాతరకు అతని ఆంప్లిఫయర్ డబ్బానే తీసుకుపోతాడు. ఈసారి ఒక లెక్చరర్ తన డబ్బాతో పోటీకి వచ్చాడు. లాప్‌టాప్‌లో ట్రాన్సిస్టర్ మోడల్, దాని గ్రాఫు గీత చూపించాడు. శబ్దం ఎంత పెంచినా గీత వంగలేదు, అంటే గొంతు చెడదన్నమాట. కానీ కాలేజీలో ప్రిన్సిపాల్ గదికి వినిపించకూడదని లెక్చరర్ కొలిచింది సన్నటి శబ్దాన్నే. మిగతా గీత ఊహించి గీశాడు.

"జోరు పెంచితే వంగుతది సార్," అన్నాడు షబ్బీర్.

"మోడల్‌లో వంగలేదు కదా!"

ఐలయ్య లెక్చరర్ డబ్బాకు మైకు పెట్టి మల్లన్నను ఎలుగెత్తి పిలిచాడు. రేకు చించినట్టు వినిపించింది.

"మోడల్ మాత్రం కరెక్టే," అన్నాడు లెక్చరర్.

"గట్లయితే మల్లన్నకు లాప్‌టాపే చూపియ్యుండ్రి," అన్నాడు ఐలయ్య.

మైకు వైరు పీకి షబ్బీర్ డబ్బాకు పెట్టాడు.