నీరు, నెరో

హెలికాప్టర్ మమ్మల్ని దించినప్పుడు ఉదయం పదిన్నర. ఆఫ్రికాలో శాంతి సేన క్యాంపు. ఎర్ర దుమ్ము, నలభై నాలుగు డిగ్రీలు, చుట్టూ ఇసుక బస్తాలు. నాది నర్సింగ్ అసిస్టెంట్ పని. డ్యూటీలో హెల్మెట్, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ విప్పకూడదని ఆర్డర్. బళ్లారి ఎండలు చూసినవాణ్ణి, ఇదొక లెక్కా అనుకున్నాను. రెండో రోజుకే సొమ్మసిల్లి పడ్డాను.

నన్ను లేపి కూర్చోబెట్టినవాళ్లు ఇద్దరు. ఒకరు క్యాంపు డాక్టరు, గ్రీసు దేశస్థుడు. రెండోవాడు మా నీళ్ల ట్యాంకర్ డ్రైవరు.

"యాడప్పా మీది?" అన్నాడు డ్రైవరు.

"కంప్లి."

"అట్లనా! మాది కెంచనగుడ్డ. ఒకే హొళె నీళ్లు తాగినోళ్లమప్పా మనం."

తుంగభద్రను వాడెప్పుడూ కన్నడంలో హొళె అనే అనేవాడు.

డాక్టరు రోజూ రెండు నుంచి మూడు దాకా కథలు రాసుకునేవాడు. వాళ్ల దేశంలో పుస్తకాలు కూడా అచ్చయ్యాయట. ఉన్నది ఒకటే నల్ల నోటుబుక్కు. ముందు నుంచి రోగుల వివరాలు, తిరగేస్తే వెనక నుంచి కథలు. రెండూ మధ్యలో కలిస్తే ఏం చేస్తారని అడిగాను. కొత్త నోటుబుక్కు కొంటానన్నాడు. అప్పుడు నవ్వాను.

నాలుగో నెలలో ఒకరోజు, మధ్యాహ్నం ఒంటిగంటా పదికి, ట్యాంకర్ మీద కాల్పులు జరిగాయి. డ్రైవరుకు పొత్తికడుపులో తూటా. మా దగ్గర ఆపరేషన్ గది లేదు. బేస్ నుంచి హెలికాప్టర్ అడిగాం.

"నీరు... నీరప్పా..." అన్నాడు డ్రైవరు. ఎప్పుడూ నీళ్లు అనేవాడికి ఆ నొప్పిలో కన్నడం వచ్చింది.

డాక్టరు చటుక్కున తలెత్తాడు. "నీళ్లేగా అడుగుతున్నాడు? మా భాషలో నెరో అంటాం," అన్నాడు ఇంగ్లిషులో. వెంటనే, "చుక్క కూడా వద్దు. ఆపరేషన్ ఉంది. పెదాలు తడుపు, అంతే."

రేడియో ఆపరేటర్ గుమ్మంలోకి వచ్చి, "రెండున్నరకి వస్తుందట," అన్నాడు. రెండున్నరకి మళ్లీ వచ్చాడు. "అక్కడ దుమ్ము తుఫాను. నాలుగింటికట." నాలుగింటికి వచ్చి, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు.

నేను కట్లు కట్టే గాజుగుడ్డ తడిపి పెదాలకు అద్దుతున్నాను.

"ఒక్క గుక్క పొయ్యప్పా. దినామూ మీకందరికీ నేనే తెచ్చి పోస్తాండా గదప్పా."

పొయ్యలేదు. వాడు గాజుగుడ్డను పళ్లతో పట్టుకుని పీల్చాడు. లాగేశాను. నాలుగూ యాభై ఐదుకు పోయాడు. హెలికాప్టర్ ఐదూ నలభైకి దిగింది.

మర్నాడు రెండింటికి డాక్టరు నోటుబుక్కు తిరగేసి వెనక నుంచి రాయడం మొదలుపెట్టాడు. ఏం రాస్తున్నాడో అడగలేదు.

నేను పింఛనుతో ఇంటికి వచ్చేశాక ఆయన పుస్తకం పోస్టులో వచ్చింది, ఇంగ్లిషు అనువాదం. అందులో డ్రైవరు కథ ఉంది. కథలో నర్సు గ్లాసు పట్టి తాగిస్తాడు. డాక్టరు చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. డ్రైవరు నవ్వి కళ్లు మూస్తాడు. చదివి ఒళ్లు మండింది. వార్డులో చుక్క ఇవ్వనివాడు కాగితం మీద గ్లాసుడు పోశాడు. డాక్టరుగా ఆయన చెప్పింది తప్పు కాదని నాకు తెలుసు. అందుకే ఇంకా మండింది.

అన్నాళ్లూ డ్రైవరు ఇంటికి వెళ్లకుండా మొహం చాటేశాను. ఇక నిజం చెప్పేయాలని బస్సెక్కి కెంచనగుడ్డ వెళ్లాను. డ్రైవరు భార్య నాట్ల నుంచి అప్పుడే వచ్చింది, కాళ్లకు బురద. చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టింది.

"ఒగటే అడుగుతానన్నా. ఆయప్ప నీళ్లు తాగి పోయినాడా?"

నోట్లో మాట సిద్ధంగానే ఉంది. బయటికి వచ్చింది వేరు.

"తాగినాడమ్మా. నేనే తాగిచ్చినా. నవ్వినాడు."

పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాను.

"సాలన్నా. అంతే సాలు నాకు." కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వూ తాగు. ఎండన పడి వచ్చినావు."

చెంబు ఎత్తాను. ఇప్పటికీ నీళ్లు ఎత్తినప్పుడల్లా ఆ గాజుగుడ్డే కనిపిస్తుంది. ఒక కొస వాడి పళ్ల మధ్య ఉంది. ఇంకో కొస పట్టుకుని నేను లాగుతున్నాను.