కనబడని మంటతో నిప్పు మామయ్య తంటా

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో బాయిలరు చూసుకునేవాణ్ణి అందరూ నిప్పు మామయ్య అంటారు. ఇరవై ఎనిమిదేళ్లుగా చిన్న అద్దంలోంచి గ్యాసు మంట రంగు చూసి బాయిలరు జబ్బు చెప్పడం ఆయన పని. నీలమైతే కులాసా, పసుపైతే గాలి చాలలేదు. ఒకసారి మంట చూసి, మూడో వీధిలో ఎవరికో తుమ్మొస్తుందని చెప్పాడు, వచ్చింది. నమ్మనివాళ్లంతా బాగా చదువుకున్నవాళ్లే.

ఇప్పుడా పాత బాయిలరు తీసేసే రోజు వచ్చింది.

"హైడ్రోజన్‌దా, నేరుగా కరెంటుతో నడిచేదా? సాయంత్రంలోగా నువ్వే తేల్చు మామయ్యా," అంది ఓనరమ్మ.

హైడ్రోజనైతే మంట ఉంటుంది, మంట ఉంటే మామయ్య ఉంటాడు. కరెంటైతే బటన్ నొక్కితే చాలు, దానికో మనిషెందుకు? అంచేత ఆయన మొగ్గు ముందే హైడ్రోజన్ మీదికి వాలిపోయింది.

మిట్టమధ్యాహ్నం కంపెనీ మనిషి వెనక ఆవరణలో చిన్న బర్నరు పెట్టి వెలిగించాడు. మామయ్య వంగి చూశాడు. ఏమీ లేదు.

"వెలగలేదు బాబూ."

"వెలిగిందండీ. ఎండలో దీని మంట కనబడదు."

"మంట సంగతి నాకు చెబుతున్నావా? దీనికి కాస్త గాలి కావాలి," అంటూ టోపీ తీసి దాంతో విసిరాడు.

ముందు టోపీ అంచు పోయింది. తర్వాత టోపీ పోయింది. వేళ్లు మాత్రం దక్కాయి.

అక్కడే మడత బల్ల దగ్గర దుప్పట్లు మడిచే ఆయన భార్య బకెట్‌తో పరిగెత్తుకొచ్చింది. "కనబడని మంటకు ఏం జబ్బు చెబుతారండీ మీరు?"

మామయ్య కంపెనీ మనిషి వైపు తిరిగాడు. "ఈ గ్యాసు ఎలా వస్తుంది?" అన్నాడు.

"కరెంటుతో నీళ్లను విడగొట్టి తీస్తామండీ."

"తీసి?"

"మండించి మీ నీళ్లు కాస్తాం."

"ఆ కరెంటేదో తిన్నగా నీళ్లకే ఇవ్వొచ్చుగా?"

కంపెనీ మనిషి నిజాయితీపరుడు. "ఇవ్వొచ్చండీ. పది పాళ్ల కరెంటులో మా దారిలో ఓ ఆరు పాళ్లే ఆవిరికి చేరతాయి. తిన్నగా ఇస్తే దాదాపు పదీ చేరతాయి. మాది నెలల తరబడి కరెంటు దాచుకోడానికీ, ఉక్కు చేయడానికీ, ఓడలు నడపడానికీ..."

"ఇక్కడ ఓడల్లేవు నాయనా, దుప్పట్లున్నాయి," అంది భార్య.

సాయంత్రం దాకా మామయ్య గోడ మీది కరెంటు లైనునూ బర్నరునూ మార్చి మార్చి చూశాడు. నాలుగు పాళ్లు దారిలో పోగొట్టుకుంటే తన పని నిలుస్తుంది. పదీ చేరితే తను పోతాడు. ఇదెక్కడి లెక్కో ఆయనకు అంతుపట్టలేదు. హైడ్రోజన్ అందామని రెండుసార్లు ఓనరమ్మ గది గుమ్మం దాకా వెళ్లాడు, రెండుసార్లూ వెనక్కి తిరిగొచ్చాడు.

మూడోసారి వెళ్లి, "కరెంటే అమ్మా," అన్నాడు.

"మరి నువ్వో?"

"అదే తెలీట్లేదు."

గుమ్మం పక్కనే ఉన్న మడత బల్ల దగ్గర భార్య దుప్పటి విదిలించింది. "తెలీడానికేముంది? దీన్ని మడవాలంటే ఇద్దరు కావాలి. రేపట్నించి ఓ చివర మీరు పట్టుకోండి."

ఓనరమ్మ తలూపింది. మామయ్య ఆ తెల్లటి దుప్పటిని కిందికీ పైకీ చూశాడు.

"ఏ చివరే?" అన్నాడు.