పదహారో నంబరు బెల్టు

గుంటూరులో సెల్ టవర్లు ఎక్కేవాళ్ల తాళ్లూ బెల్టులూ చూసుకునే స్టోరులో కరీమున్ పనిచేసేది. పదేళ్లు కుట్టుమిషను తొక్కిన మనిషి కావడంతో, చివికిన కుట్టును వేలితో తడిమి పట్టేసేది. 2006లో స్టోరుకు కంప్యూటర్ వచ్చాక నంబర్లన్నీ తనే ఎక్కించింది.

ఒక ఉదయం తెర చూసి గతుక్కుమంది. నిన్న ఆమె పనికిరాదని తేల్చింది పదహారో బెల్టు. కంప్యూటర్లో మాత్రం అరవై ఒకటని కొట్టింది. పదహారు బాగుందని తెర మీద చూసిన గుమాస్తా దాన్ని టవర్లెక్కే వీరబాబుకు ఇచ్చేశాడు. అతను పర్చూరు టవరుకు వెళ్లిపోయాడు.

ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. కరీమున్ నిలవలేక వాకిట్లోకీ లోపలికీ తిరిగింది. పదకొండోసారికి వీరబాబు పలికాడు.

"ఏందక్కా, ఇన్నిసార్లు చేశావు? ఇప్పుడే కిందకి దిగా."

"ముందు బెల్టు విప్పు. తొడకు కట్టే పట్టీ దగ్గర కుట్టు చూడు."

అవతల బకిల్ విప్పిన చప్పుడు వినిపించింది.

"సగం ఊడిందక్కా."

"తప్పు నాదేరా, నంబరు తిరగేసి కొట్టా. మళ్లీ ఎక్కమాక, వేరేది నేనే తెస్తన్నా."

మధ్యాహ్నం బస్సు దిగి కొత్త బెల్టు అతని చేతిలో పెట్టింది. అతను పని ముగించి దిగేదాకా మిరపచేను గట్టు మీద నిలబడే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేకపోయింది.