మంచుపెట్టె కోసం గోరంట్ల దాకా

రెండేళ్లుగా వానల్లేక మా ముదిగుబ్బ పక్కన వేరుశనగ దక్కలేదు. ఇల్లు నాయన గొర్రెల మీదే నడుస్తోంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఉన్న నలభైలో పన్నెండింటికి బొబ్బలు లేచాయి. బెంగుళూరు పశువుల ఆసుపత్రిలో పనిచేసే మా బావ, మిగిలినవాటికి వేయడానికి టీకా సీసాలు మంచులో పెట్టి లారీ పార్శిలు వేశానని తంతి ఇచ్చాడు. ఆ లారీ గోరంట్ల వరకే వస్తుంది కాబట్టి నేను బయలుదేరాను.

ఆరు గంటల బస్సెక్కితే ఎనిమిదికి కదిరి. అక్కడ గంట ఆగాక గోరంట్ల బస్సు, టిక్కెట్టు రూపాయి పావలా. ఎండిన చెరువులు చూడలేక కళ్లు మూసుకున్నాను. నేనెందుకు పోతున్నానో విని, పక్క సీటులో ఉన్న ఒకప్పటి లారీ డ్రైవరు ఆ పార్శిలు కంపెనీ కథ ఎత్తుకున్నాడు.

"మొదట్లో రైలుకాడ్నుంచి మూటలు తోలే రెండెద్దుల బండ్లప్పా వాళ్లవి. ఇప్పుడు బిలాతు దేశంలో ఓడెక్కిన పెట్టెను గూడా ఈడ దింపుతారు. సరుకు తడిసిందంటే మాత్రం ఏజెంటు పని ఊడినట్టే."

పదకొండుకు పార్శిలు ఆఫీసు చేరాను. ఏజెంటు మస్తాన్ సాయిబు ముందు చెంబుతో నీళ్లిచ్చి, తర్వాత నన్ను పెరట్లోకి తీసుకుపోయాడు.

"పొద్దున దించేటప్పటికే నీళ్లు కారతాండాదప్పా. మేకులూడదీసి అన్నీ ఆరబెట్టినా. గుడ్డలైనా ఇత్తనాలైనా మేమింతే చేస్తాం."

ఎండలో బండ మీద, మంచు కరక్కుండా చుట్టూ నింపిన రంపపు పొట్టు, పక్కనే సీసాలు. ఒకటి పట్టుకుంటే చెయ్యి కాలింది.

"అది టీకా మందు మస్తానన్నా. చల్లగుంటేనే పనిచేస్తాది."

"పెట్టె మీద ఏందో ఇంగ్లీషులో ఉండాది, నాకు రాదు," అన్నాడాయన. ఒక సీసా చేతిలోకి తీసుకుని, "మళ్లా నీళ్లలో పెడితే బాగైతాదా?" అని అడిగాడు. కాదన్నాను. సీసాలన్నీ ఏరి మళ్లీ పెట్టెలో సర్ది నా చేతికిచ్చాడు.

మూడు గంటల బస్సుకు తిరిగొచ్చాను. నాయన మంద దగ్గరే నిలబడి ఉన్నాడు.

"తెచ్చినావా?"

"తెచ్చినా నాయనా. ఎండకు చెడిపోయింది."

అయినా నాయన పశువుల కాంపౌండరును పిలిపించి అదే మందు వేయించాడు. నెల తిరక్కముందే దొడ్డి ఖాళీ అయింది.

మస్తాన్ సాయిబు మీద నాకు కోపం రాలేదు, అదే నా ఏడుపు. ఎవరి పని వాళ్లు శ్రద్ధగానే చేశారు, మంద పోయింది. ఇక ఏ ధైర్యంతో బతకాలో నాకు తెలియడం లేదు. మంచుపెట్టె తెప్పించుకునేవారికి మాత్రం ఒక్క మాట. పెట్టె మీద "ఇది తడిగానే ఉండాలి" అని తెలుగులో రాయించండి. మా బావకు తెలుగు వచ్చు. అలా రాయాలని తోచలేదు, అంతే.