విప్పని సాక్సు

ఆ మంగళవారం ఉదయం మైకు మామ్మ ఇంట్లో నర్సు రెండు టీలు తాగింది. మొదటిది మామ్మ బలవంతం మీద, రెండోది తనకే లేవబుద్ధి కాక.

ఆమెది ఇంటింటికీ తిరిగే ఉద్యోగం. ఆసుపత్రికి రాలేని ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి బీపీ, షుగర్ చూస్తుంది, పుండ్లకు కట్లు మారుస్తుంది, మందులు సరిగ్గా వేసుకుంటున్నారో లేదో కనుక్కుంటుంది. చాలా ఏళ్లు వార్డుల్లో నిలబడి మోకాళ్లు అరిగాక, తానే అడిగి ఈ పని వేయించుకుంది. వార్డులో రోగికి ఒక మంచం నంబరు ఉండేది. ఇళ్లలో ఒక కుర్చీ ఉంటుంది, దానిమీద అణగిపోయిన దిండు ఉంటుంది, ఆ దిండు ఎవరు కుట్టారో చెప్పడానికి మనిషి ఉంటుంది. ఉద్యోగానికి ఇష్టంగా బయల్దేరడం ఇన్నాళ్లకు కుదిరిందని ఆమె భర్తతో అంటుంటుంది.

"ఇంట్లో నా మొహం చూడక్కర్లేదని కాదూ?" అంటాడాయన.

ఆ ఇష్టంలో సగం వాటా మైకు మామ్మది. మామ్మ రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని బళ్ల రాకపోకలు చెప్పి రిటైరైంది. మెట్ల మీద నర్సు చెప్పుల చప్పుడు వినపడగానే లోపలి నుంచి ప్రకటన మొదలవుతుంది.

"ప్రయాణికులకు మనవి. సూదుల బండి ఎప్పటిలాగే ఆలస్యంగా నడుస్తున్నది. ఇందువల్ల మామ్మకు కలిగిన అసౌకర్యానికి నర్సు ఏమాత్రం చింతించుట లేదు!"

"చింతిస్తున్నా మామ్మా. చెయ్యి ఇలా ఇవ్వండి."

"చింతించే మొహమేనా అది? ముందు టీ తాగు. బీపీ ఎక్కడికీ పారిపోదు."

బీపీ చూడడం నిమిషాల్లో అయిపోతుంది. మిగతాదంతా కబుర్లే. ఒకసారి మైకు కట్టేయడం మరిచిపోయి స్టేషన్ మాస్టర్‌ని తిట్టిన తిట్లు మొత్తం ప్లాట్‌ఫాం విన్నదట. జనం చప్పట్లు కొట్టారట. ఈ కథ నర్సు ఎన్నోసార్లు వింది. విన్న ప్రతిసారీ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

తర్వాతి ఇల్లు రెండు సందుల అవతల, తాళాల తాతది. మారుతాళంచెవులు చేసి బతికిన మనిషి. ఆయన దగ్గర టీ ఉండదు, కథలు ఉండవు. కూతురు ఉద్యోగానికి వెళ్తూ తలుపు దగ్గరగా వేసి పోతుంది. నర్సు వచ్చేసరికి తాత కిటికీకి వీపు పెట్టి కూర్చుని ఉంటాడు. ఏళ్లనాటి షుగర్ వల్ల ఆయన పాదాలకు స్పర్శ పోయింది. మేకు దిగినా తెలియదు. అలాంటివాళ్ల దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ రెండు సాక్సులూ విప్పి వేళ్ల సందులు కూడా చూడాలి. అది నర్సులందరికీ మొదట్లోనే నేర్పే పని.

ఎడమ మడమకు పాత పుండు ఉంది కాబట్టి ఆ కాలు చూపించేవాడు. కుడి సాక్సు మీద చెయ్యి వేస్తే మాత్రం కసిరేవాడు.

"దానికేం రోగం? బాగున్న కాలు అది. ముట్టుకోకు."

మొదట్లో నర్సు బతిమాలి, వాదించి, చివరికి విప్పేది. తర్వాత మొక్కుబడిగా అడిగేది. ఈమధ్య అడగడం కూడా మానేసింది. మామ్మ దగ్గర పోయిన సమయాన్ని ఆ సాక్సు దగ్గర రాబట్టుకునేది.

ఆ మంగళవారం కట్టు మార్చి బ్యాగు సర్దుతుంటే తాత అడిగాడు. "అప్పుడే అయిపోయిందా?"

"ఇంకా చాలా ఇళ్లున్నాయి తాతగారూ."

"వెళ్లమ్మాయ్, వెళ్లు. నిన్నెవరాపారు?"

శుక్రవారం ఆయన కూతురు ఫోన్ చేసింది. గదిలో ఏదో వాసన వస్తోందని వెతికి వెతికి, ఆఖరికి తండ్రి కుడి సాక్సు విప్పిందట. చిటికెనవేలు నల్లబడి ఉంది. సందులో చీము. ఆసుపత్రిలో చేర్చారు. వేలు తీసేయక తప్పదని, పాదం నిలుస్తుందో లేదో ఆ తర్వాతే తెలుస్తుందని డాక్టరు చెప్పాడు.

నర్సు పరుగున వెళ్లింది. వరండాలో కూతురు ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"మీరు వారం వారం చూస్తున్నారు కాబట్టి ఇంతతో ఆగింది సిస్టర్. లేకపోతే ఏమయ్యేదో!"

"అయ్యో, అదేం లేదండీ" అంది నర్సు. కూతురు దాన్ని వినయం అనుకుంది.

మర్నాడు మామ్మ ప్రకటన చేస్తే నర్సు నవ్వలేదు.

"ఏమే, పట్టాలు తప్పావా?"

ఓదారుస్తుందనుకుని నర్సు మొత్తం చెప్పింది. మామ్మ గొంతులోంచి మైకు పోయింది.

"అక్కడ ఆ ముసలాయన కూర్చుని ఉంటే నా సోది వింటూ ఉండిపోయావా? ముక్క చెబితే నేనే తరిమేదాన్నిగా."

"మీ తప్పేం లేదు మామ్మా."

"నా తప్పని ఎవరన్నారు? నీదే. ఆ పిల్లకు చెప్పావా?"

"లేదు."

"మరి ఇక్కడేం చేస్తున్నావ్?"

నర్సు ఆసుపత్రికి వెళ్లేసరికి వేలు తీసేసి తాతను మంచం మీదికి చేర్చారు. మంచం పక్కనే నిలబడి కూతురికి చెప్పింది. నెల దాటి ఆ సాక్సు విప్పలేదని, అడగను కూడా లేదని, వేరే ఇంట్లో కబుర్లు చెప్పుకుంటూ ఆలస్యం చేసి ఇక్కడ తొందరపడ్డానని.

"మీరు చూస్తున్నారు కదా అనే నేను చూడలేదు" అంది కూతురు.

తర్వాత తండ్రి వైపు తిరిగింది. "నువ్వే వద్దని ఉంటావు."

"అన్నాను. మొదట్లో." తాత కళ్లు తెరవలేదు. "తర్వాత ఈవిడ అడగలేదు."

"అడిగితే మాత్రం విప్పనిచ్చేవాడివా?"

"ఇచ్చేవాణ్ణి కాదు. కాసేపు పోట్లాట అయినా ఉండేది."

నర్సు తన పైఅధికారికి కూడా ఇదే చెప్పింది. సంజాయిషీ అడిగారు, ఇచ్చింది. కూతురు వేరే నర్సును పంపమంది, పంపారు. మైకు మామ్మ ఇంటికి మాత్రం ఈమే వెళ్తోంది. మామ్మ ఇంకా ప్రకటనలు చేస్తోంది. నర్సుకు నవ్వొస్తుంది. టీ కప్పు చేతిలోకి వచ్చేసరికి ఆ నవ్వు సగంలో ఆగిపోతుంది. వచ్చిన పని ముగించి లేస్తుంది. మామ్మ ఆపడం లేదు.

తాత ఇంటికొచ్చిన రోజు కొత్త నర్సు ఆ గుమ్మం బయట నుంచే ఫోన్ చేసింది.

"అక్కా, ఈ పెద్దాయన కాళ్లు ముట్టుకోనివ్వడం లేదు. ఒకటే అరుపులు. రేపు రానా?"

"వద్దు. లోపలికెళ్లి కూర్చో. అరవనీ. నువ్వూ అరువు."

కాసేపటికి కొత్త నర్సు మళ్లీ ఫోన్ చేసింది. రెండు కాళ్లూ చూసిందట. తీసేసిన వేలి పక్క వేలు కొస ఎర్రగా ఉందట. దాన్ని ఉంచాలో తీయాలో డాక్టరు గురువారం చెబుతాడు.