ఏ కనుబొమ్మ మీద?

నా చిన్నప్పుడు, తొంభైల మొదట్లో, మేము నాంపల్లిలో ఒక పాత ఇంటి వెనక వాటాలో ఉండేవాళ్ళం. ముందు వాటాలో మెదక్ నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన ఒక్కరే ఉండేవారు. ఆయన్ని నేను తాతయ్య అనేదాన్ని. ఆదివారం తెల్లచొక్కా తొడుక్కుని చర్చికి, మిగతా రోజుల్లో ఆబిడ్స్‌లోని ఒక ఫొటో స్టూడియోకు వెళ్ళేవారు. నెగెటివ్‌ల మీద పెన్సిలుతో మెరుగులు దిద్దడం ఆయన పని.

మా అమ్మ మొజంజాహీ మార్కెట్‌కు పళ్ళకు వెళ్తూ నన్ను ఆయన బల్ల పక్కన కూర్చోబెట్టి పోయేది. వచ్చినవాళ్ళ మాటలన్నీ నా చెవిన పడేవి. పెళ్ళిసంబంధాలకు ఫొటో దిగిన అమ్మాయి పక్కనుండగానే వాళ్ళ మేనత్త, "జర తెల్లగ చెయ్యున్రి, మొఖం సన్నగ కనవడాలె" అనేది. ఆ అమ్మాయి నేల చూపులు చూసేది. మగవాళ్ళు మాత్రం ఎవరూ లేని సమయం చూసి గొంతు తగ్గించేవారు. బ్యాంకులో పనిచేసే ఒకాయన అయితే లోతుకుపోయిన తన బుగ్గలు నింపమని అడగడానికి మూడుసార్లు వచ్చి, రెండుసార్లు అడగకుండానే వెళ్ళిపోయాడు.

నా ఎడమ బుగ్గ మీద చింతగింజంత నల్లటి పుట్టుమచ్చ ఉంది. క్లాసులో నన్ను 'సిరాబుడ్డి' అనేవారు. ఎవరికీ తెలియకుండా నిమ్మచెక్కతో, ఆపైన కాళ్ళు తోముకునే రాయితో రుద్ది పుండు చేసుకున్నాను. పుండు మానింది, మచ్చ అలాగే ఉంది.

ఏడో తరగతి పరీక్షలకు ఫొటో కావాలన్నారు. తీయించుకున్నాక తాతయ్య దగ్గరకు వెళ్ళి, "నా మచ్చ తీసేయండి తాతయ్యా, మా అమ్మకు చెప్పొద్దు" అన్నాను.

ఆయన నెగెటివ్‌ను కింద దీపం వెలుగుతున్న గాజుపలక మీద పెట్టారు. అందులో నా మచ్చ తెల్లటి చుక్కలా ఉంది. దాన్ని పెన్సిలుతో నింపితే చాలు, ఫొటోలో మాయమవుతుంది. పెన్సిలు మొన చెక్కారు గానీ, గీయలేదు. సొరుగులోంచి ఒక పాత ఫొటో తీసి నా చేతిలో పెట్టారు. పాపిట తీసి దువ్వుకున్న ఒక పడుచు ఆవిడ. నున్నటి నుదురు.

"మా ఇంటామె. కనుబొమ్మ మీద గాటు ఉండె. చిన్నగున్నప్పుడు బాయి గడ్డ మీద పడ్డదంట. పెండ్లయినంక ఫొటో దిగుదామంటే గాటు కనవడొద్దన్నది. నేనే తీసేసిన. మంచిగ తీసినవని మస్తు మురిసింది."

నా చేతిలోని ఫొటో వైపు వంగి చూశారు.

"ఆమెవి ఇంకేం ఫొటోలు లేవు బిడ్డా. ఆమె పోయి ఎనిమిదేండ్లాయె. ఆ గాటు ఎడమదిక్కుండెనో, కుడిదిక్కో, ఇప్పుడు యాదికొస్తలేదు."

చెబుతూనే ఆయన వేలు తన ఎడమ కనుబొమ్మ మీదికి వెళ్ళింది. అక్కడ నిలవలేక కుడి కనుబొమ్మ మీదికి జరిగింది. అంత పెద్ద మనిషి అలా వెతుక్కుంటుంటే, నేనూ చేతిలోని ఫొటోలో ఆ గాటు కోసం వెతికాను.

"నువ్వు తియ్యమంటే తీస్త. నీ మొఖం, నీ ఇష్టం" అన్నారు పెన్సిలు పట్టుకుని.

వద్దన్నాను. మచ్చ ఉన్న నా ఫొటోతోనే పరీక్ష రాశాను. సిరాబుడ్డి అన్నవాళ్ళు ఆ ఏడంతా అంటూనే ఉన్నారు. అన్నప్పుడల్లా బాధపడ్డాను కూడా. కానీ రాయి మళ్ళీ ముట్టుకోలేదు.

ఇప్పటికీ అద్దంలో ఆ మచ్చ నాకు అందంగా కనిపిస్తుందని చెప్పలేను. ఆ రోజు నుంచి నాకు మిగిలింది వేరే అలవాటు. నా వాళ్ళు ఎదురుగా కూర్చున్నప్పుడు వాళ్ళ ముఖాలను తీరిగ్గా చూసుకుంటాను. మా ఆయనకు గడ్డం కింద కుట్ల గీత, కుడివైపు. మా అమ్మకు చెవి దగ్గర కాలిన మచ్చ, ఎడమవైపు. మా అమ్మాయి నవ్వితే ఒక్క బుగ్గే సొట్టపడుతుంది, అది కూడా ఎడమవైపే.