కప్పతల్లికి కట్టిన నా వేపమొక్కలు

ఆ రోజుల్లో నౌకరీ అంటే నాకు పొద్దస్తమానం వాన కోసం మొగులు వైపు చూడటమే. సిద్దిపేట దగ్గర, నారాయణరావుపేట దారిలో, కట్టెల కోసం జనం నరికి నరికి బోడి చేసిన గుట్ట ఒకటి ఉండేది. జంగ్లాత్ వాళ్లు (నిజాం కాలంలో అడవిశాఖను అట్లాగే పిలిచేవాళ్లం) దాని మీద వేపమొక్కలు నాటించి నన్ను కాపలా పెట్టారు. వేప కరువును తట్టుకుంటుందని వాళ్ల ధీమా. నేను తట్టుకుంటానో లేదో ఎవరూ అడగలేదు. పెద్దసాబు వచ్చి మొక్కలు చూసి మెచ్చితే నౌకరీ పక్కా, లేదంటే ఇంటికే.

ఆ ఏడు మృగశిర దాటినా చినుకు లేదు. నాకు అన్నం సయించడం మానేసింది. సాబు రేపు వస్తాడనగా, ఊళ్లో ఏదో పని చూసుకుని గుట్టెక్కాను. మొక్కలకు ఆకు లేదు, ఉత్త పుల్లలు! ఊళ్లోకి పరుగెత్తాను. ఆడవాళ్లంతా రోకలికి కప్పను కట్టి, చుట్టూ వేపమండలు కట్టి, వాన కోసం ఇంటింటికీ కప్పతల్లి ఆడుతున్నారు. రోకలి ముందుకొస మా అవ్వ (కన్నతల్లినే మేం అవ్వ అంటాం) భుజం మీద ఉంది.

"నా నౌకరీ పాయెనే అవ్వా! ఊళ్లె వేపచెట్లే లేవా?"

"వాన గావాల్సింది గా మొక్కలకే గద బిడ్డా! గవ్విటి కొమ్మలే కడితె దేవుడు జెప్పన ఇంటడని తెచ్చిన."

మర్నాడు సాబు పుల్లల వంక చూసి, "ఆకులు ఏడ వోయినయ్?" అన్నాడు. ఆడవాళ్లతో కప్పరోకలి మోసుకుంటూ వెనకే వచ్చిన అవ్వ ఉన్నదున్నట్టు చెప్పేసింది. సాబు కాసేపు మొగులు చూసి, "వాన ఎప్పుడొస్తదట?" అని మెల్లగా అడిగాడు. (ఆయన మీదా ఇంకో సాబు ఉన్నాడు మరి.) "మీరు గూడ కప్ప మీద చెంబెడు నీళ్లు వొయ్యిన్రి, జల్ది వస్తది," అంది అవ్వ. పోశాడు! పోసి, "మల్ల నెలకొస్త. చిగురు లేకుంటె నౌకరీ లేదు," అని వెళ్లిపోయాడు.

ఆ నెలంతా పుల్లల్ని గోటితో గీకి, లోపల పచ్చదనం ఉందో లేదో చూసుకుంటూ బతికాను. చివరికి వాన పడింది. ఒక్కో పుల్లకు నాలుగేసి చిగుళ్లు వచ్చాయి. నౌకరీ పక్కా అయింది.

గుట్ట మీద గోళ్లు అరగదీసుకుంటున్న ఆ పిల్లగాడి దగ్గరికి వెళ్లి, "వేప చావదురా, పోయి ఇంత అన్నం తిను," అని చెప్పాలనిపిస్తుంది ఇప్పుడు. వింటాడా? అవ్వ రోజూ ఆ మాటే చెప్పింది.